సమ్మమ్మ వకీలు

“చదువెంతమ్మా?” సారంగపాణి దరఖాస్తు మీద నుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

“సంతకం వరకు, సారూ,” అంది సమ్మమ్మ.

హన్మకొండలోని ఆ ఆఫీసు గదిలో పొద్దున్నుంచీ ఇదే తంతు. వకీళ్లు కక్షిదారులతో ఎలా నడుచుకోవాలో సలహా చెప్పడానికి మామూలు జనంతో ఒక కమిటీ వేస్తున్నారు. ఎంపిక చేసేది ఇద్దరు: ముప్పై ఏళ్లుగా పేరున్న వకీలు సారంగపాణి, కాలేజీలో న్యాయశాస్త్రం చెప్పే రాజేశ్వరి. మిగిలింది ఒక్క సీటు. అప్పటికే ఇంటర్వ్యూ ఇచ్చిన రిటైర్డు తహసీల్దారు ఇస్త్రీ చొక్కా నలగకుండా బయట బెంచీ మీద కూర్చున్నాడు. సమ్మమ్మ పరకాల నుంచి మొదటి బస్సుకే వచ్చింది. ఆ సీటు తనకే కావాలని ఆమెకు మహా పట్టుదల.

ఎందుకంత పట్టుదలని రాజేశ్వరి అడిగింది. సమ్మమ్మ ఏదీ దాచలేదు. ఎకరం చెలక భూమి కోసం ఏడేళ్లు కోర్టు చుట్టూ తిరిగింది. వాయిదాకు నువ్వు రానక్కర్లేదు, నేను చూసుకుంటానని వకీలు చెబితే నమ్మి ఇంటి దగ్గర ఉండిపోయింది. ఆమె తరఫున ఎవరూ రాలేదని కేసు కొట్టేశారు. ఆ సంగతి ఆమెకు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. పక్కవాడు వచ్చి తన చెలకలో పత్తి గింజలు పెడుతుంటే అప్పుడు తెలిసింది.

“మళ్లా తెరిపించొచ్చమ్మా. ఆలస్యానికి కారణం చూపి మీ వకీలే అర్జీ పెట్టాలె. ఇంతకూ ఎవరాయన?” అంది రాజేశ్వరి.

“సదానందం వకీల్ సాబ్. ఏడేండ్లు గాయిన బల్ల కాడనే నిలబడ్డ. మంచిగనే మాట్లాడుతడు గని, నల్లకోటు ఏసుకోంగ ఒక్కనాడు చూడలే.”

రాజేశ్వరికి నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది. “ఆయన గుమస్తా అయ్యుంటడమ్మా. అసలు వకీలు లోపల గదిల ఉంటడు.”

ఏడేళ్లు వకీలనుకుని దండం పెట్టింది గుమస్తాకా! పాపం, సమ్మమ్మ సిగ్గుతో తల దించేసుకుంది. సారంగపాణి కలానికి మూత పెట్టాడు.

“ఆ అసలు వకీలు ఇప్పుడు ఎదురైతే ఏమంటవమ్మా?”

“తిట్టనైతే తిట్ట సారూ. ఒక్కపారి నా మొఖం చూసి మాట్లాడుమంట. కమిటీల కూసున్నా గదే చెప్త.”

సారంగపాణి తల ఎత్తి ఆమె ముఖం చూశాడు.

ఆమె బయటికి వెళ్లాక రాజేశ్వరి తహసీల్దారు వైపే మొగ్గింది. చదువుకున్నవాడు, కాగితాలు అర్థం చేసుకుంటాడని ఆమె ఉద్దేశం. పొద్దున్నుంచీ చదువు చదువని పట్టుబట్టిన సారంగపాణి ఇప్పుడు సమ్మమ్మే కావాలని మొండికేశాడు. కాగితాలు చదివి చెప్పడానికి మనమున్నాం, ఆమె చెప్పేది మనకెవరు చెబుతారన్నాడు. చివరికి రాజేశ్వరి సరేనంది.

తన పేరు చదివి వినిపించగానే సమ్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బస్టాండు దాకా నవ్వుకుంటూనే నడిచింది.

సారంగపాణి మెట్ల మీద ఆగి ఫోన్ తీశాడు.

“సదానందం, పరకాల సమ్మమ్మ ఫైలు తియ్యి.”