వేలు లేని ఫొటో

మొగుడు గవరయ్య పంపిన ఫొటోని మహాలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

గంగ, ఓడ, ఎర్రటి పొద్దు, అన్నీ స్పష్టంగా పడ్డాయి. అతని బొటనవేలే లేదు.

అతనికి రాయడం రాదు. ఓడల జెట్టీలో పని అయిపోగానే ఒక ఫొటో పంపుతాడు, ఇంటికి బయల్దేరానని దానర్థం. ఏది తీసినా సగం వేలే అడ్డం. ఏడేళ్లుగా అంతే.

పావుగంట కిందటే పక్కింటావిడ చెప్పి వెళ్లింది, జెట్టీలో ఇనప తాడు తెగి ఎవరిదో చెయ్యి నలిగిపోయిందని.

మరి ఇది తీసిందెవరు? ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఫొటో పెద్దది చేసి మూలమూలా వెతికింది. ఎక్కడా వేలు లేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా, వాళ్లుండే వాట్‌గంజ్ సందులోకి పరిగెత్తింది.

చేతిలో ఫోన్ మోగింది. ఇంకో ఫొటో. తెరంతా ఎరుపు. నెత్తురే అనుకుని పరుగు ఆపేసింది. ఆ ఎరుపులో సన్నటి గీతలు కనిపించాయి. పొద్దుకి అడ్డంగా పెట్టిన వేలు నిప్పుకణికలా వెలుగుతోంది.

వెంటనే అతనే ఫోన్ చేశాడు.

"గోలలో నీ ఫోను ఇనబడలేదే. మొదటిది నా కూడా పన్జేసే బెంగాలీ దాదా తీసేడు, ఎంత బాగున్నాదో సూసావా? రెండోది నేను తీస్తే పాడైపోనాది. తీసేయ్."

ఆమె రోడ్డు మీదే కూలబడింది.

"తియ్యను. నీ ఫోను ఇంకెవులికీ ఇవ్వకు. రేపు కూడా ఏలు అడ్డెట్టే తియ్యి."