నలభై వేల మంది చూశారు

నా భార్య ఐలిని ఫోనే చంపింది. ఇందులో వాదన లేదు.

సాయిమా సరస్సు మీద మంచు గట్టిపడగానే మా ఊరివాళ్లు ఆ మంచులో మనిషి దిగేంత మడుగు కోస్తారు. ఆవిరిగదిలో ఒళ్లు కాగాక వచ్చి ఆ నీళ్లలో మునుగుతారు. కట్టుబాటు ఒక్కటే. ఒకరు నీళ్లలో ఉంటే ఇంకొకరు కాపలా ఉండాలి. ఆ తల మీంచి చూపు తిప్పకూడదు.

ఆ ఆదివారం ఐలికి అరవై ఆరు నిండాయి. మా కూతురు మిర్వా ఆవిరిగది వసారాలో నిలబడి వీడియో తీసింది. ఐలి చెయ్యి ఊపింది. నవ్వుతూ మడుగులోకి మెట్లు దిగింది. మిర్వా తల వంచుకుని ఆ వీడియోను లోకమంతా చూసేలా నెట్‌లో పెట్టింది. తల ఎత్తేసరికి నీళ్ల మీద ఎవరూ లేరు.

సాయంత్రానికి దాన్ని నలభై వేల మంది చూశారు.

అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో కాఫీ ఇచ్చారు. ఐలి చెల్లెలు కేర్తు కప్పు కింద పెట్టింది.

“అమ్మ మునుగుతుంటే లైకులు లెక్కపెడుతున్నావటే?”

మిర్వా తన కప్పులో చెంచా తిప్పుతూనే ఉంది.

“నిన్నేనే అడిగేది.”

“నాదే తప్పు పిన్నీ.”

“తప్పంట. కప్పు పగిలిందనుకుందేమో. ఏం బావా, నువ్వయినా అనవేం?”

అన్నాను. అందరి ముందూ అన్నాను.

“ఇంటి తాళం ఇచ్చి పో. మీ అమ్మ వస్తువు ఒక్కటి కూడా ముట్టకు.”

మిర్వా జేబు తడుముకుంది. తాళం బల్ల మీద పెట్టింది.

“నాకిప్పుడు నువ్వొక్కడివే ఉన్నావు నాన్నా.”

“నేనూ లేననుకో.”

కోటు వేసుకుని బయటికి నడిచింది. నా కోపం తీరలేదు. వెనకే వెళ్లాను.

“ఆ వీడియో తీసెయ్.”

“ఎప్పుడో తీసేశాను. నేను పెట్టింది సగమే నాన్నా. ఒక పక్క కత్తిరించి పెట్టాను.”

“ఎందుకు?”

“అమ్మ ఒక్కతే కనబడాలని.” వెనక ఎవరూ లేరని చూసుకుంది. “మొత్తం ఉన్నది ఎవరికీ చూపించలేదు. పోలీసులక్కూడా. చూపించను.”

ఆ మొత్తం వీడియో తెరిచి ఫోన్ నా చేతిలో పెట్టింది.

కత్తిరించిన ఆ పక్కన, మడుగు అంచున కాపలా నిలబడి, తల వంచుకుని, బొటనవేలితో ఫోన్ తెరను పైకి తోస్తూ ఉన్నది నేను, ఈ మాట ఇక చచ్చేదాకా ఎవరి ముందూ ఎత్తను.