నలభై ఏళ్లు ముందున్న పాట

ఇప్పుడు పాటల్ని ఎవరూ నిషేధించరు. అంత మొరటుతనం పోయింది. ప్రతి ఇంటి గోడకూ ఒక కాలమాపకం ఉంటుంది. కొత్త పాటను ముందు దానికి వినిపించాలి. జనానికి ఆ పాట ఏ సంవత్సరంలో అర్థమవుతుందో అది చెబుతుంది. అప్పటిదాకా నోరు మూసుకోవాలి, అంతే.

గోదావరిఖనిలో ఓదెలు రాక్ బ్యాండ్ ఒక పాట కట్టింది. రేపు వాళ్ల బస్తీని కూల్చడానికి యంత్రాలు వస్తాయి. వాటి ఎదుట నిలబడి పాడాలని.

కాలమాపకం విని మురిసిపోయింది. "అద్భుతం. మీరు కాలం కన్నా నలభై ఏళ్లు ముందున్నారు. అప్పుడు పాడండి. శాలువా పంపిస్తాం."

డ్రమ్ములు వాయించే సమ్మక్క పుల్లలు కింద పడేసింది. "అప్పటికి బస్తీ ఏడుంటది ఓదెలన్నా? శాలువా కప్పుకొని ఎవలకు పాడుదాం?"

ఓదెలు తల్లి లసుమమ్మ చాటలో బియ్యం చెరుగుతూనే పల్లవి అందుకుంది, గిటారు కన్నా గట్టిగా.

"అమ్మా, ఈ పాట ఇంకా ఎవరికీ అర్థం కాదు," అని గోడ హెచ్చరించింది.

"నాకు సమజైంది గదా. అంటే నేనింకా పుట్టనే లేదా?"

కాలమాపకం ఆమె పుట్టిన తేదీ వెతకసాగింది. ఈలోపు పక్కింట్లోంచి ఎవరో పల్లవి అందుకున్నారు.