నుదురానిన చోటు

ఎండెక్కగానే విశాఖలో కిటికీలన్నీ వాటంతటవే పాలరంగుకు తిరుగుతాయి. అందరూ కర్టెన్లు పీకేసి అద్దాలకు ఎండ తగిలితే తెల్లబడే ఫిల్ము వేయించుకున్నాక మధ్యాహ్నమయితే ఊరు ఊరంతా తెల్లగుడ్డ కప్పుకున్నట్టుంటోంది.

గౌరినాయుడు ఇంటి కిటికీలో మాత్రం ఒక్క చోట, తమలపాకంత మేర, తెల్లబడేది కాదు. ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా భార్య సన్యాసమ్మ అక్కడే నుదురు ఆనించి వీధిలోకి చూస్తుండేది. ఏళ్ల తరబడి ఒత్తిడి పడి ఫిల్ములో లోపలి అణువుల వరసలు చెదిరి, అక్కడ తెల్లబడటం మానేసింది. ఆమె పోయాక రోజూ ఆయన వంగి అందులోంచి వీధి చూసేవాడు. ఆమె పొట్టి, ఆయన ఆజానుబాహువు. బాగా వంగాల్సొచ్చేది.

తల్లి సంవత్సరీకానికి వచ్చిన కూతురు హిమజ అదేదో మరక అనుకుంది. చుట్టాలు దిగేలోపు బాగుచేయిద్దామని మెకానిక్‌ని పిలిపించింది. గౌరినాయుడు రైతుబజారు నుంచి వచ్చేసరికి పని అయిపోయింది.

"వేడి పెట్టాను సార్. లోపలంతా మళ్లీ వరసలో సర్దుకుంది. ఇంక మరకే కనబడదు," అన్నాడు మెకానిక్ సంబరంగా.

గౌరినాయుడు చేతిలో కూరల సంచి దించలేదు.

"మరక కాదమ్మా అది. మీ అమ్మ నా కోసం నుదురానించి నిలబడిన చోటు."

హిమజ మొహం పాలిపోయింది. "మళ్లీ తెప్పించలేవా?" అని మెకానిక్‌ని అడిగింది.

"ఆవిడే ఆనించాలమ్మా," అన్నాడతను మెల్లగా.

గౌరినాయుడు కిటికీ దగ్గరకెళ్లాడు. అలవాటుగా వంగాడు. కాస్త లేచాడు, మళ్లీ వంగాడు. ఆ తెల్లటి అద్దం ముందు ఎంతవరకు వంగాలో ఆయనకు తెలియలేదు.