కంచు చెంపలు

ముసలాయన మైనం ముద్దను అరచేతిలో వెచ్చబెట్టి, ఫౌంటెన్ మీది కంచు ఆడబొమ్మ చెంపలకు మెరుపు పోకుండా రాస్తున్నాడు.

ఏటా వసంతంలో ఎక్కడి నుంచో వచ్చి ఇదే పని.

"చెయ్యి తియ్యి తాతా! అదేమన్నా నీ పెళ్లామా?" బకెట్టు నింపుకుంటూ అరిచింది రొట్టెల దుకాణం బెర్త్.

"అవునమ్మా," అన్నాడాయన.

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. ఊరంతా ఆ మాట చెప్పుకుని నవ్వింది.

తర్వాత యుద్ధం. జర్మన్లు దిగారు. ఊళ్లలో ఉన్న కంచు బొమ్మలన్నీ కరిగించడానికి ఇమ్మని పైనుంచి ఆజ్ఞ.

లారీ వచ్చిన రోజున ముసలాయన చేతిబండి తోసుకుంటూ వచ్చాడు. బండి నిండా పగలగొట్టిన కంచు. గుర్రం తల, ఎవరో సేనాని భుజం, పసిపిల్లల చేతులు.

"మేయరు గారూ, బొమ్మ కన్నా ఇదే ఎక్కువ తూగుతుంది. ఇది తీసుకోండి. ఆమెను వదిలెయ్యండి."

"ఎక్కడ కొట్టుకొచ్చావయ్యా ఇదంతా?"

"నాదే. నేనే పగలగొట్టాను."

"నీ పేరు?"

"ఒనొరె వాస్యాల్."

"ఎప్పుడూ వినలేదే." మేయరు కమ్మరి గస్పార్ వైపు తిరిగాడు. "బండిలోది లారీకెక్కించు. బొమ్మను కూడా."

"అయ్యా! దానికి బదులుగా కదా ఇది తెచ్చాను!"

"ఎక్కువిస్తే మనకే మంచిది. కంచు ఆడదాని కోసం ఏడుపేంటి తాతా? పోయి బతికున్నదాన్ని వెతుక్కో!"

అందరూ నవ్వారు. బెర్త్ అందరికంటే గట్టిగా నవ్వింది.

బొమ్మను దిమ్మెకు బిగించిన మరలు తుప్పుపట్టి ఊడలేదు. గస్పార్ బొమ్మను చీలమండల దగ్గర రంపంతో కోశాడు.

ముసలాయన తల తిప్పుకోలేదు. చివరిదాకా చూశాడు.

బొమ్మను లారీలో బోర్లా పడేశారు. ఆయన ఖాళీ బండి తోసుకుంటూ లారీ వెనకే వెళ్లాడు.

మరుసటి వసంతంలో రాలేదు.

మిగిలిన పాదాలను పెకలించడానికి గస్పార్ సుత్తి పట్టుకొచ్చాడు. ఏళ్ల తరబడి నీళ్లు కారి, పాదాల కింద సున్నపు పెచ్చు మందంగా పేరుకుంది. దాన్ని ఎవరూ ఎన్నడూ గీకలేదు. ఊరికి కావలసింది నీళ్లు.

సుత్తి దెబ్బకు పెచ్చు రాలింది.

"ఏదో రాసుందే. చదువు బెర్త్, నాకు కళ్లు ఆనవు."

బెర్త్ బకెట్టు కింద పెట్టి వంగి చదివింది.

"ఈమె కాన్పులో పోయిన నా భార్య అదెల్, పోత పోసినవాడు ఒనొరె వాస్యాల్."