‘స్టాప్డ్’ తర్వాతి మాట

సాయంత్రం క్లాసులో ఇంగ్లీషు టీచరమ్మ రెండు ముక్కలు బోర్డు మీద రాసింది.

"‘స్టాప్డ్ టు చెక్’ అంటే చూడటానికి ఆగాడని. ‘స్టాప్డ్ చెకింగ్’ అంటే చూడటమే మానేశాడని. కలగాపులగం చేసుకోకండి."

రాసుకుంటున్న పెన్ను పక్కన పెట్టేశాను.

రెండేళ్ల కిందట మా గోదాములో క్రేన్ తాడు తెగి పెద్ద పెట్టె కింద పడింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. దగ్గరున్నవాడివి కదా, జరిగింది ఇంగ్లీషులో రాసివ్వమన్నారు. తాడు పరీక్షించాల్సిన పెద్దాయన ఆ రోజు ఆగి చూశాడని రాద్దామనుకుని ‘స్టాప్డ్ చెకింగ్’ అని రాశాను. వారం తిరక్కుండా ఆయన ఉద్యోగం ఊడింది. నా రాత వల్లేనని ఇన్నాళ్లూ నాకు తట్టలేదు.

క్లాసు మర్నాడే ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాను. ఇప్పుడు ఒక ఆస్పత్రిలో లిఫ్టులు చూస్తున్నాడు. గ్రీజు చేతులు తుడుచుకుంటూ నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"అన్నా, అప్పుడు నేను రాసింది..."

"ఊరుకో తమ్ముడూ. అందరూ నన్ను వెనకేసుకొచ్చారు. నువ్వొక్కడివే ఉన్నదున్నట్టు రాశావు. నిజంగానే నెల రోజులుగా నేను ఆ తాడు ముట్టుకోలేదు. మొదట్లో నీమీద ఒళ్లు మండింది. ఇప్పుడు ప్రతి తాడూ రెండుసార్లు తడిమి చూస్తున్నానంటే నీ చలవే. నీ అంత నిజాయితీపరుణ్ణి నేను చూడలేదు."

ఆయన తాడు చూడటం లేదని నాకు అప్పుడే తెలుసు. కాపాడదామని అబద్ధమే రాయబోయాను. ఆ అబద్ధం సరిగ్గా రాయడం నాకు చేతకాలేదు, అంతే.

ఆ మాట చెప్పకుండానే టీ తాగి వచ్చేశాను.