ఉయ్యాల్లో సొరకాయ

“సొరకాయని ఉయ్యాల్లో పడుకోబెట్టండి. పీక దాకా దుప్పటి కప్పండి!” కుట్టుమిషన్ అక్క కేకేసింది.

పేటలో చిప్స్ కొట్లు నాలుగు. మందుల కొట్లు ఐదు. కూరగాయల కొట్టు ఒక్కటీ లేదు. తోటకూర కట్ట కావాలంటే రెండు బస్సులు మారాలి. ఇంటికొచ్చేసరికి అది కట్టలా ఉండదు, తడిగుడ్డలా ఉంటుంది.

కూరగాయల వ్యాను పంపమని అక్క మూడేళ్లుగా అర్జీలు పెడుతోంది. చివరికి ఆఫీసు నుంచి జవాబొచ్చింది. సోమవారం పదకొండింటికి అధికారి వచ్చి ఇళ్లు చూస్తాడు. తాజా కూరగాయ ఒక్కటి కనబడినా ‘సౌకర్యం ఉంది’ అని రాసి ఫైలు మూసేస్తాడు. ఆ రూలు రాసినవాడు ఏ గడ్డి తింటాడో తెలీదు గానీ, అతనికది ఇంటి పక్కనే దొరుకుతున్నట్టుంది.

“పోయినసారి వచ్చినాయన్ని నిలదీశాం. పారిపోయాడు. ఈసారి ఎవరూ అరవకండి, బతిమాలకండి. అడిగినదానికే జవాబు!” అంది అక్క. ఆ మాటా అరిచే చెప్పింది.

ఆ సోమవారం పది కొట్టకముందే సందులోకి ఒక మనిషి వచ్చాడు. చేతిలో నోటుపుస్తకం, చెవి మీద పెన్ను. మలుపులో మూతబడ్డ గది ముందు ఆగి చెమట తుడుచుకున్నాడు.

“వచ్చేశాడర్రోయ్!”

బస్సు కండక్టర్ బాబాయ్‌కి టమాటాలు దాచే చోటు దొరకలేదు. టోపీలో వేసి నెత్తిన బోర్లించుకున్నాడు. అప్పటికే ఆ మనిషి గుమ్మంలో ఉన్నాడు.

“వారానికి ఎన్ని కిలోల కూరగాయలు వాడతారండీ?”

“కిలోలా? మా ఇంట్లో గ్రాము కూడా దొరకదు. వెతుక్కోండి!”

టోపీ కిందినుంచి ఎర్రటి ధార ముక్కు మీదికి దిగింది.

“అయ్యో, రక్తం!”

“మామూలేనండీ,” అంటూ బాబాయ్ నాలుక చాపి అందుకున్నాడు.

పక్క వాటా మామ్మది. ఆ సొరకాయ ఆమె డాబా మీద పగిలిన బకెట్లో పెంచుకున్నది. పేట మొత్తానికి కాసింది అదొక్కటే.

“ఆకుకూరలేమైనా తింటారా మామ్మగారూ?”

“ఆకులంటే చెట్టుకుంటాయే, అవేనా నాయనా? దూరం నుంచి చూశాను.”

అతను ఉయ్యాల్లోకి తొంగిచూశాడు.

“పాపేంటండీ, ఆకుపచ్చగా ఉంది?”

“వాళ్ల నాన్న పోలిక.”

“కదలదే?”

“బుద్ధిమంతురాలు.”

మెళ్లో టేపుతో వెనకే తిరుగుతున్న అక్క చీరచెంగు నోట్లో కుక్కుకుంది. నవ్వాపుకోడానికి కాదు. అరుపు ఆపుకోడానికి. మూడేళ్ల అరుపు అది.

పన్నెండు ఇళ్లు తిరిగాడు. పన్నెండు ఇళ్లలోనూ ఒకటే పాట. ఒకావిడైతే “వంకాయంటే ఏంటండీ?” అని ఎదురడిగింది. ఆమె వెనక బీరువా తలుపు సందులోంచి వంకాయ తొడిమ చూస్తోంది.

చివరింటి దగ్గర అతను పుస్తకం మూశాడు. మొహం వాడిపోయింది.

“అంటే ఈ పేటలో ఎవ్వరూ...”

“ఎవ్వరూ!” పన్నెండు ఇళ్లూ కలిసి అన్నాయి.

అతను తల వేలాడేసుకుని వెళ్లిపోతుంటే అక్కకి కళ్లు చెమర్చాయి. “మన బాధ చూసి ఎంత కరిగిపోయాడో చూడు మామ్మా! వ్యాను ఖాయం.”

మామ్మ సొరకాయకి ముద్దుపెట్టింది.

మలుపులో మూతబడ్డ గది ముందు అతను మళ్లీ ఆగాడు, దాని తాళం వైపు ఒకసారి చూసి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు: “నాన్నా, మన కూరగాయల కొట్టుకి ఈ గది వద్దు, ఇక్కడ పెడితే ఈగలు తోలుకోవాల్సిందే, చిప్స్ అమ్ముకుందామంటే చెప్పు, ఇప్పుడే అద్దె మాట్లాడేస్తా!”